పది వేళ్ళకు కాపలా

జగిత్యాల

జగిత్యాల వైపు జనం మామిడికాయలు కొనడానికి వెళతారు, పసుపు కొనడానికి వెళతారు, కొండగట్టు మొక్కు తీర్చుకోవడానికి వెళతారు. నేను మా బావ చేతివేళ్ళకు కాపలా కాయడానికి వెళ్ళాను.

బావ పేరు గంగాధర్. మా లావణ్యక్క భర్త. గొల్లపల్లి పక్కన పల్లె. జేసీబీ నడుపుతాడు. ఖతార్‌లో అదే పనికి వీసా వచ్చింది, ఆదివారం విమానం. అక్కడ దిగగానే బండి ఎక్కించి, లీవర్లు పట్టించి చూస్తారట. చేతులు సరిగా ఆడితే ఉద్యోగం, ఆడకపోతే తిరుగు టికెట్. చేతులు ఆడకపోవడానికి ఏమొచ్చింది అని మీరు అడగవచ్చు. బావ వాలీబాల్ ఆడతాడు.

నాలుగేళ్ళ కింద కూడా ఇలాగే వీసా వచ్చింది. వెళ్ళే ముందు వారం నెట్ దగ్గర బ్లాక్‌కు లేచాడు. బ్లాక్ అంటే, అవతలివాడు పగబట్టినట్టు కొట్టే బంతికి అడ్డంగా రెండు చేతులూ ఎత్తి ఎగరడం. బంతి ఆగింది. పాయింట్ వచ్చింది. ఉంగరం వేలు విరిగింది, వీసా పోయింది. ఆ వేలు అతికింది గానీ పూర్తిగా దారికి రాలేదు. బావ మనతో మాట్లాడుతుంటే అది పక్కింటివాళ్ళను పలకరిస్తున్నట్టు ఉంటుంది.

అందుకని ఈసారి అక్క ఖమ్మంలో ఉన్న నాకు ఫోన్ చేసింది. విమానం ఎక్కేదాకా బావ వెంట నీడలాగ ఉండమంది. ఆ ఊళ్లోనే ఎవరినైనా పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"గీ ఊళ్లె ఎవ్వలను నమ్మ తమ్మీ. అందరు ఆడేటోళ్లే. నీకు ఏ ఆటా రాదు గదా, నువ్వైతెనే కరెక్టు."

నా అర్హతను ఇంత స్పష్టంగా గుర్తించింది మా ఇంట్లో అక్క ఒక్కతే. నేను ఖమ్మంలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. కుర్చీలో కూర్చుని చేసే పని. సాయంత్రం ఇంటికి వచ్చి ఇంకో కుర్చీలో కూర్చుని ఆటలు చూస్తాను. ఏ దేశంవాళ్ళు ఏ ఆట ఆడినా చూస్తాను. మంచు మీద రాయిని తోసి దాని ముందు చీపుళ్ళతో ఊడ్చే ఆట ఒకటుంది, అది కూడా చివరిదాకా చూశాను. ఆడటం మాత్రం బడిలో పీటీ సారు బలవంతం మీద ఒకసారి జరిగింది. ఆయన మళ్ళీ బలవంతపెట్టలేదు.

జగిత్యాల బస్టాండు దగ్గర ఒక హోటల్లో చాయ్ తాగాను. పది రూపాయలు. మా దగ్గర ఇదే డబ్బుకు ఇంకో రెండు గుక్కలు ఎక్కువ వస్తాయి, కానీ ఇక్కడి చాయ్‌లో అల్లం దాక్కోకుండా బయటికి వచ్చి నిలబడుతుంది. గోడ మీద టీవీలో క్రికెట్. లోపల ఉన్నవాళ్ళందరూ మెడలు పైకెత్తి ఉన్నారు, పూరీలు వాటంతటవే నోటికి చేరుతున్నాయి. మీరంతా క్రికెట్ బాగా ఆడతారేమో అని గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయనను అడిగాను.

"సూసుడే సార్, ఆడుడు లేదు. పదకొండు మంది ఏడున్నరు ఊళ్లె? మా ఊరి టీమ్ మంచి టీమే. దుబాయ్‌ల ఉన్నది."

నవ్వలేదు ఆయన. చిల్లర ఇస్తూ మామూలు సమాచారంలాగే చెప్పాడు. శుక్రవారం శుక్రవారం అక్కడ ఖాళీ జాగాలో ఆడతారట, స్కోరు ఇక్కడికి మెసేజ్ వస్తుందట. ఊళ్లో మిగిలినవాళ్ళతో ఏ ఆట కుదిరితే అది ఆడతారు. ఆరుగురితో అయిపోతుంది కాబట్టి వాలీబాల్.

బావ ఊరు

ఊళ్లో దిగేసరికి సాయంత్రమైంది. అక్క నన్ను ఇంట్లోకి కూడా రానివ్వలేదు, సంచి అందుకుని బడి గ్రౌండుకు పంపింది. బావ అక్కడే ఉన్నాడట. "సూసుడే" అని చెప్పి వెళ్ళాడట.

చూస్తూనే ఉన్నాడు, అబద్ధం కాదు. గీత బయట నిలబడి ఉన్నాడు. లోపల ఎవడైనా ఎగిరితే ఇతనూ ఎగురుతున్నాడు. లోపల ఎవడైనా వంగితే ఇతనూ వంగుతున్నాడు. పక్కన వెళ్ళి నిలబడ్డాను. రెండు నిమిషాల్లో ఆయన మోచెయ్యి నా పక్కటెముకను రెండుసార్లు కలిసింది. చూడటం అన్నది నాకు పుట్టుకతో వచ్చిన విద్య, బావకు అసలు రాదు. జేబుల్లో చేతులు పెట్టుకోమన్నాను. ఏమైనా నములుతూ ఉండమన్నాను. పల్లికాయలు కొనిచ్చాను. పొట్టుతో సహా తిన్నాడు.

నెట్ కట్టిన గుంజకు పాత సైకిల్ ట్యూబుతో ఒక ఫోన్ కట్టి ఉంది. సీసీ కెమెరాకు బదులేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే వీడియో కాల్. తెర నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో మొహం. ఒకడు మంచం మీద, ఒకడు లారీలో, ఒకడు గిన్నె కడుగుతూ. దోహాలో, దుబాయ్‌లో, రియాద్‌లో ఉన్న ఈ ఊరివాళ్ళు రోజూ సాయంత్రం ఈ ఆట చూస్తారట. అంతర్జాతీయ క్రికెట్‌ను ఊరివాళ్ళు చూస్తారు, ఊరి వాలీబాల్‌ను అంతర్జాతీయంగా చూస్తారు.

ఆ గళ్ళలో ఒకడు తిరుపతి, బావ చిన్నాయన కొడుకు, ఖతార్‌లో డ్రైవరు. గీత బయట బావ పడుతున్న అవస్థ ఫోన్లోంచి కనిపించినట్టుంది. పిలిచాడు.

"అన్నా, మొదటి నెల గట్లనే ఉంటది. కాళ్లు గుంజుతయి. తర్వాత సూసుడు అలవాటైతది."

ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం. బావ నమలడం ఆపేశాడు. ఇంటికి నడుస్తూ దారిలో నాకొక్కడికే చెప్పాడు, పోయే ముందు ఒక్క మ్యాచ్ ఆడాలని ఉందని. పోతే మూడేళ్ళకు గాని రాడు, వచ్చేసరికి నలభై దగ్గర పడతాయి, అప్పుడు ఎవడూ టీమ్‌లోకి రమ్మనడు, అంపైర్‌గా ఉండమంటాడు. సరిగ్గా శుక్రవారమే సిరిసిల్లలో టోర్నమెంటు ఉంది, ఊరి టీమ్ పోతోంది. నేను కాపలాదారుణ్ణి కాబట్టి కుదరదన్నాను. ఆడతానని కాదు, టోర్నమెంటు ఉందని మాత్రమే చెబుతున్నా అన్నాడు.

ఇక్కడ గల్ఫ్‌కు పోయేవాడు ముందు చుట్టాలందరి ఇళ్ళకూ వెళ్ళి చెప్పి రావాలి. చెప్పకుండా పోతే పెళ్ళికి పిలవనంత నేరం. మా వైపు ఊరెళుతున్నా అంటే "జాగ్రత్త" అని తలుపు వేసుకుంటారు. ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక నాటుకోడి ప్రాణం పోతుంది. బావ వీసాకు అప్పటికే ఎన్ని కోళ్ళు పోయాయో లెక్క లేదు. ఇంకా రెండిళ్ళు మిగిలాయి. కోరుట్లలో చిన్నమ్మ, సిరిసిల్లలో సొంతక్క పద్మ. సిరిసిల్ల శుక్రవారమే ఎందుకని అక్క అడిగింది. తన అక్కను చూసి చాలా రోజులైందని బావ చెప్పాడు. లావణ్యక్క ఆయనను చూసి, తర్వాత నన్ను చూసి, షరతులు చెప్పింది. బండి వద్దు, బస్సులోనే. కిటికీ ఊచ మీద చెయ్యి పెట్టొద్దు. తలుపులు తమ్ముడే తెరవాలి. బాల్ ముట్టొద్దు.

"ముట్ట," అన్నాడు బావ.

కోరుట్ల

జగిత్యాల నుంచి కోరుట్ల దగ్గరే. బస్సు నిజామాబాద్ రోడ్డు మీద పోతుంది, కిటికీలోంచి పసుపు చేలు, మొక్కజొన్న చేలు. ఈ వివరాలు బావ చెప్పినవి. నేను కిటికీ వైపు కూర్చోలేదు, బావను కూర్చోనివ్వలేదు. ఇద్దరం నడిమి వరుసలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు పోతున్నట్టు కూర్చున్నాం.

రాజవ్వ చిన్నమ్మ బీడీలు చుడుతుంది. ఆ గల్లీలో చుట్టని ఆడమనిషి లేదు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఎదురుగా టీవీలో కబడ్డీ. ఆమె టీవీ చూడదు, చాట కూడా చూడదు, నా వంక చూస్తూ మాట్లాడుతోంది. వేళ్ళు వాటి పని అవి చేసుకుంటున్నాయి. టీవీలో అరుపు పెరిగితే ఆమె చుట్టే వేగం కూడా పెరుగుతోంది. సీరియల్ పెట్టుకోవచ్చుగా అన్నాను.

"సీరియలైతె మొకం సూడాలె కొడుకా, చేతులు ఆగుతయి. కబడ్డైతె ఇంటె సాలు. ఎవడో ఒకడు కింద పడుతనే ఉంటడు."

పదేళ్ళుగా కబడ్డీ అభిమాని. ఒక్క ఆటగాడి మొహం తెలియదు. గొంతు పెద్దగా ఉన్న వ్యాఖ్యాత ఏ టీమ్‌ను పొగిడితే ఆ టీమ్ ఓడిపోవాలని కోరుకుంటుంది. అభిమానంలో ఇదొక పద్ధతి.

కోడి కోయడానికి మనిషి దొరికాడు. ఉల్లిగడ్డ కోసే పని బావకు చెప్పింది, ఆమెకు అలవాటట. నేను కత్తి లాక్కున్నాను. ఎల్లిపాయ పొట్టు, నేనే. కొబ్బరికాయ కొట్టడం, నేనే. ఖమ్మంలో మా అమ్మ ఈ దృశ్యం చూడలేదు, అదొక్కటే అదృష్టం. ఎడమ చేతి బొటనవేలు తెగింది. దాని మీద ఎవరూ ఆరా తీయలేదు. దానికి వీసా లేదు.

నాటుకోడి కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. పచ్చిపులుసు మా ఇంట్లో కూడా చేస్తారు, కానీ అది చారుకు బదులుగా. ఇక్కడ అది కూరకు ఎదురుగా కూర్చుని వాదిస్తుంది. సర్వపిండి కూడా పెట్టింది. గిన్నె అడుగున అతికించి కాల్చే బియ్యప్పిండి రొట్టె అది, మధ్యలో వేళ్ళతో చిల్లులు పెడతారు. మెట్‌పల్లి రోడ్డు మీద ఇదే ముప్పై రూపాయలకు అమ్ముతున్నారు, చిల్లులు తక్కువ.

తిన్న తర్వాత చిన్నమ్మ నేల మీద సుద్దతో గళ్ళు గీసింది. పచ్చీసు. ఆరు గవ్వలు, చింతగింజలు, విరిగిన గాజు ముక్కలు కాయలు. చూసేది కబడ్డీ, ఆడేది పచ్చీసు ఎందుకని అడిగాను. పొద్దంతా కూర్చుని పని చేసే మనిషికి లేచి ఆడాలని ఉండాలి కదా. ఆమె నన్ను కొంచెం జాలిగా చూసి, లేచి ఆడటానికి మోకాళ్ళు నువ్విస్తావా అని అడిగింది. అర్థమైంది. చూసే ఆటలో మోకాళ్ళు వేరేవాళ్ళవి.

బావతో ఆడింది. దొంగాట ఆడింది. నాలుగు పడితే అయిదు గళ్ళు నడిపింది, అడిగితే కళ్ళు కనబడవంది. ఇంతకుముందే నా చొక్కా గుండీ ఒకటి తెగిందని గుమ్మం అవతలి నుంచి చెప్పిన మనిషి. బావ రెండు ఆటలు ఓడిపోయి, మూడోదానికి కూర్చోకుండా గోడకు ఆనుకున్నాడు. లావణ్య ఫోన్ చేసి అంతా చెప్పిందని, ఇకమీద ఇదే ఆడుకొమ్మని, ఇందులో ఏమీ ఇరగదని చిన్నమ్మ చెప్పింది.

"ఏం ఇరగదని తెలిసినంక ఏం ఆడుతం చిన్నమ్మా?" అన్నాడు బావ.

ఆమె గవ్వలు ఏరి డబ్బాలో వేసింది. పొద్దున బయలుదేరేటప్పుడు ఖతార్‌కు తీసుకుపొమ్మని పెద్ద డబ్బా నిండా సకినాలు ఇచ్చింది. డబ్బా బావ చేతులకు బరువవుతుందని నేనే మోశాను. సిరిసిల్ల బస్సులో కాళ్ళ దగ్గర పెడితే, వేములవాడలో ఎక్కిన ఒక పెద్దావిడ దాన్ని స్టూలు అనుకుని దాని మీద కూర్చుంది. చాలా హాయిగా కూర్చుంది. సకినాలు ఇప్పుడు ఖతార్‌లో పిండి రూపంలో ఉన్నాయి.

సిరిసిల్ల

సిరిసిల్లలో దిగితే ఊరు కనిపించక ముందే వినిపిస్తుంది. మరమగ్గాలు. వీధి వీధంతా ఒకే దెబ్బ, టకటకటక. కొంచెం సేపటికి చెవులు దాన్ని నిశ్శబ్దం అనుకోవడం మొదలుపెడతాయి, మగ్గం ఆగితే ఉలిక్కిపడతాము.

పద్మ వదిన భర్త శంకరన్న సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. షెడ్డులో మాటలు వినపడవు కాబట్టి ఆయన చేతులతో మాట్లాడతాడు. క్రికెట్ ఉన్న రోజు గుమ్మంలో ఎవడో ఒకడు నిలబడి స్కోరు వేళ్ళతో చూపిస్తాడట, వికెట్ పడితే మెడ మీద గీత గీస్తాడట. మగ్గాలు ఆగవు, వరుసల్లో అందరి మొహాలూ ఒకేసారి మారతాయి. ఆయన ఆడేది క్యారమ్స్. రోజంతా నిలబడేవాడికి కూర్చుని ఆడాలని ఉంటుంది, నడిచే మనిషికి పరిగెత్తేవాళ్ళను చూడాలని ఉంటుంది అని నేను అప్పటికప్పుడు ఒక సిద్ధాంతం తయారుచేశాను. రోజంతా కూర్చుని, కూర్చునే ఆడే చిన్నమ్మ గుర్తొచ్చి, దాన్ని అక్కడికక్కడే రద్దు చేశాను.

ఇక్కడా కోడి. ఇక్కడ చిల్లుగారెలు అదనం. వదిన బావకు దిష్టి తీసి, రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. లావణ్యక్క ఆమెకూ ఫోన్ చేసిందని అర్థమైంది. నేను ఒక్కణ్ణే కాపలా అనుకున్నాను గానీ, ఆ వేళ్ళకు జిల్లాలు దాటి బందోబస్తు ఉంది.

సాయంత్రం మ్యాచ్ చూసి వస్తామని చెప్పాము. చూసే కదా, అంది వదిన. చూసే, అన్నాము ఇద్దరం.

టోర్నమెంటు

గ్రౌండు ముందు పెద్ద ఫ్లెక్సీ. వృత్తిరీత్యా ముందు దాన్నే చూశాను. పైన దాతల ఫొటోలు, అందరూ నల్ల కళ్ళద్దాలతో, వెనక ఎత్తైన బిల్డింగులు, ఒంటె. దాతలు గల్ఫ్‌లో ఉంటారు. వాళ్ళకు సెలవు శుక్రవారం. అందుకని ఇక్కడ ఫైనల్ ఆదివారం పెట్టరు. గ్రౌండులో ఉన్న జనానికి ఆ రోజు పని దినమైనా సరే, అసలు ప్రేక్షకులు ఎక్కడున్నారో అక్కడి సెలవును బట్టి ఆట జరుగుతుంది.

మధ్యాహ్నం సెమీఫైనల్ మన ఊరి టీమ్ గెలిచింది. గెలుస్తూ గెలుస్తూ ఒకడి చీలమండ మడతపడింది. టీమ్‌లో ఏడోవాడు ఉండేవాడు, వాడు వీసా మెడికల్‌కు హైదరాబాద్ వెళ్ళాడు. మిగిలింది అయిదుగురు. అయిదుగురితో ఆడనివ్వరు. కెప్టెన్ మహేష్ బావ వైపు చూశాడు. బావ చేతిలో ఫోన్ ఉంది. గల్ఫ్‌వాళ్ళ కోసం ఫోన్ పట్టుకునే పని తనే అడిగి తీసుకున్నాడు, చేతులు ఖాళీగా ఉంటే ఏం చేస్తాయో తెలియదని. మహేష్ బావ వేలు చూసి, చూపు తిప్పి, నన్ను చూశాడు.

నేను ఆడాను. దీన్ని గురించి వీలైనంత తక్కువ చెబుతాను. వాలీబాల్‌లో బంతి మనవైపు వస్తుంది. ఇంట్లో చూసేటప్పుడు ఎప్పుడూ రాదు. అవతలి టీమ్ సిరిసిల్లదే, తెలివైనవాళ్ళు, నాలుగో సర్వీసుకల్లా నన్ను కనిపెట్టారు. అక్కడి నుంచి ప్రతి బంతీ నా పేరు మీదే వచ్చింది. నా వంతు సర్వీస్ వచ్చినప్పుడు బలంగా కొట్టాను. బంతి నెట్ దాటలేదు, పక్కకు వెళ్ళి ముఖ్య అతిథి చాయ్‌ని కొట్టింది. ఆయన తెల్ల చొక్కా. మొదటి సెట్ పోయింది.

మన ఊరివాళ్ళు ఎవరూ తిట్టలేదు. అది ఇంకా బాధాకరం. ఫోన్లోంచి మాత్రం దోహా, దుబాయ్, రియాద్ ఏకకంఠంతో నవ్వుతున్నాయి. తిరుపతి నవ్వు అన్నిటికంటే స్పష్టంగా వినిపిస్తోంది, అక్కడ ఇంటర్నెట్ బాగుంటుంది.

సెట్ల మధ్యలో బావ నా దగ్గరికి వచ్చాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు. బతిమాలితే వద్దని చెప్పడానికి రెండు మూడు వాక్యాలు సిద్ధంగా పెట్టుకున్నాను. బతిమాలలేదు.

"పట్టుకో బామ్మర్ది," అన్నాడు, చెప్పులు విప్పి లోపలికి పోయాడు.

చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. కాపలాదారు చేసే పని అదే. కానీ నా చేతుల్లో ఫోన్ ఉంది, పైగా నా స్థానం నాకు తిరిగి దొరికింది. న్యాయంగా చెప్పాలంటే హాయిగా అనిపించింది.

ఇక చూడటం మొదలుపెట్టాను. నేను ఎన్నో ఆటలు చూశాను గానీ, ఒక మనిషి నెట్ దగ్గర అంత తేలికగా ఉండటం చూడలేదు. జేసీబీ నుంచి దిగేటప్పుడు నడుము పట్టుకునే మనిషి. ఇక్కడ బంతి కింద ముందే వెళ్ళి నిలబడుతున్నాడు, బంతే ఆలస్యంగా వస్తోంది. లిఫ్ట్ ఇస్తే, అంటే పక్కవాడు కొట్టడానికి బంతిని పైకి లేపితే, మహేష్ కొట్టాల్సిన చోట అది ఆగి ఎదురుచూస్తోంది. రెండో సెట్ మనది. ఎవరూ నవ్వడం లేదు. ఫోన్లో ఒకడు గిన్నె కడగడం కూడా ఆపేశాడు.

మూడో సెట్

మూడో సెట్ మధ్యలో ఫోన్లో తిరుపతి గొంతు మారింది. "వదినె అచ్చింది, వదినె అచ్చింది," అన్నాడు.

కొత్త గడి తెరుచుకుంది. అందులో లావణ్యక్క, వెనక పొయ్యి. జరిగింది ఏమిటంటే, నేను ఆడుతున్నానన్న వార్త మొదటి సెట్‌లోనే దోహా చేరి, దోహా నుంచి అక్కవాళ్ళ వీధికి చేరింది. నీ తమ్ముడు ఆడుతున్నాడు, నవ్వుకోవచ్చు రా అని ఎవరో పిలిచారు. అన్నం వార్చి వచ్చేసరికి ఇంతసేపైంది.

నేను ఫోన్‌ను అవతలి టీమ్ వైపు తిప్పాను. కాస్సేపు సిరిసిల్లవాళ్ళు ఒంటరిగా ఆడుతున్నట్టు కనిపించింది.

"తమ్మీ, నువ్వు ఆడుతున్నవన్నరు. ఫోన్ పట్టుకున్నది ఎవలు?"

నేనే అన్నాను.

"మరి ఆడేది ఎవలు?"

 మిగతా గళ్ళలో అందరూ వేరే వైపు చూస్తున్నారు. నేను ఫోన్ తిప్పాను.

అక్క చూసింది. పొయ్యి మీద ఏదో పొంగింది, లేవలేదు. నేను తిట్లకు సిద్ధపడి ఫోన్‌ను కొంచెం దూరంగా పట్టుకున్నాను. వచ్చింది తిట్టు కాదు.

"బ్లాక్‌కు లేవద్దని చెప్పు. లిఫ్ట్ ఇయ్యుమను, కింది బంతులు తియ్యుమను. నెట్ కాడ చేతులు దించుకొమ్మను. గంతే."

వాలీబాల్‌లో అక్కకు బాల్ గుండ్రంగా ఉంటుందన్నది తప్ప ఏమీ తెలియదని నా నమ్మకం. తర్వాత తెలిసింది, సాయంత్రం మిద్దె మీద బట్టలు తీయడానికి ఎక్కితే బడి గ్రౌండు మొత్తం కనిపిస్తుందట. పెళ్ళైన నాటి నుంచి ఆమె బట్టలు చాలా నిదానంగా తీస్తోంది.

టైమ్ ఔట్ తీసుకున్నప్పుడు వెళ్ళి అక్క చూస్తోందని బావకు చెప్పాను.  తిట్టిందా అన్నాడు. లేదు, బ్లాక్ ఒక్కటే వద్దంది అన్నాను. బుద్ధిగా తల ఊపాడు, బడిపిల్లాడిలాగ.

మూడో సెట్ పదిహేను పాయింట్లకు. పదమూడు పదమూడు దాకా వచ్చింది. తర్వాత వాళ్ళకొకటి. ఇంకొక్క పాయింట్ పోతే అయిపోతుంది. ఆటలో స్థానాలు తిరుగుతూ తిరుగుతూ సరిగ్గా అప్పుడు బావను నెట్ ముందు మధ్యలోకి తెచ్చి నిలబెట్టాయి. అవతల వాళ్ళలో ఒక పొడుగు కుర్రాడున్నాడు, మందుల షాపులో పని చేస్తాడట. మందులు అమ్మే మనిషి కొట్టే దెబ్బ కాదు అది. బంతి వాడికోసం లేచింది. వాడూ లేచాడు. బావకు ఎదురుగా, సరిగ్గా ఎదురుగా.

బావ మోకాళ్ళు వంగాయి. భుజాలు పైకి వచ్చాయి. ఈ శరీరం గీత బయట నిలబడి కూడా ఎగరకుండా ఉండలేకపోవడం నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు గీత లోపల ఉంది. బావ రెండు చేతులూ వెనక్కి తీసుకెళ్ళి, నడుము మీద ఒకదానితో ఒకటి పట్టుకున్నాడు. కాళ్ళు నేల వదలలేదు.

బంతి ఆయన చెవి పక్క నుంచి వెళ్ళి, వెనక ఖాళీగా ఉన్న చోట పడింది. ఆ చప్పుడు మగ్గాల చప్పుడులో కూడా వినిపించింది.

సిరిసిల్లవాళ్ళు ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు. మన అయిదుగురూ బావను చూడకుండా నెట్ విప్పడంలో సాయం చేస్తున్నారు. ఆ నెట్ మనది కాదు. ఫోన్లోంచి అప్పుడు అక్క గొంతు వచ్చింది.

"అరె, గా బాల్‌కు లేవకుండ ఎట్లుంటడు మనిషి?"

 అక్క ఆగలేదు. చేతికి అందే బంతి అంది. ఒక్క జానెడు లేస్తే వాడి మొహం మీదనే పడేది అంది. ఆ పొడుగోడు మొదటి నుంచి అదే మూలకు కొడుతున్నాడు, కనబడుతలేదా అంది. అభిమానులు మాట్లాడే మాటలే అవన్నీ, నేను ఏళ్ళ తరబడి టీవీతో అన్నవే. చివరికి తిరుపతి ధైర్యం చేశాడు.

"వదినె, లేవద్దన్నది నువ్వే గదనే."

"నేను సవాలక్ష అంట. అన్ని ఇంటడా?"

ఇది ఆమె పెళ్ళైన నాటి నుంచి చేస్తున్న ఫిర్యాదుకు పూర్తిగా వ్యతిరేకం. ఎత్తి చూపడానికి అది సమయం కాదనిపించింది.

బావ వచ్చి ఫోన్ తీసుకున్నాడు.  అక్క అడగకుండానే తెర ముందు రెండు చేతులూ ఎత్తి పట్టుకుని, వేళ్ళు విప్పి, ముందూ వెనకా తిప్పి చూపించాడు. అన్నీ ఉన్నాయి. ఒకటి పక్కింటివాళ్ళ వైపు ఉంది, అది పాతది. ఎంతసేపటికీ చేతులు దించడు. తెర నిండా అరచేతులే.

"వేళ్లు సూసిన తీ," అంది అక్క. ఇంతకుముందు అరిచిన గొంతు కాదు. "మొకం సూపెట్టు."

చూపించడానికి కొంచెం టైమ్ పట్టింది.

"ఏడిశినవా?"

"చెమట," అన్నాడు బావ.

నేను పక్కనే ఉన్నాను కాబట్టి సాక్ష్యం చెప్పగలను. చాలావరకు చెమటే.